కుందేటికొమ్ములు: పొద నీడన పెరుగు రసకాండపు మొక్క

లేని వస్తువును గూర్చి చెప్పునపుడు కుందేటికొమ్మును ఉపమానముగా తెచ్చుట మన భాషలో వాడుక. కుందేటికి కొమ్ములు లేవు గనుక, దొరకనిదానికై తిరుగువానిని చూచి కుందేటికొమ్మును వెదకుచున్నాడని నవ్వుదురు. అయినను రాయలసీమ గుట్టలమీద మేకలు కాచు పిల్లవానిని అడిగినచో, ముండ్లపొదలోనికి చేయి దూర్చి కుందేటికొమ్ములను త్రుంచి మన చేతిలో పెట్టగలడు. ఇది ఒక మొక్క పేరు. అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు ప్రాంతముల రైతులలో పెద్దవారు పలువురు దీనిని ఎరుగుదురు. చిన్నతనమున ఉప్పుతో నమిలినవారును కలరు. నేటి పిల్లలలో దీనిని చూచినవారు తక్కువ.

ఈ మొక్కకు ఇటీవల వెల వచ్చినది. ఎవరికిని పట్టక గుట్టమీద పెరుగుచుండిన దానికి వెల వచ్చినపుడు రెండు విధములు జరుగవచ్చును. ఊరివారికి కొంత రాబడి కలుగుట ఒకటి. కొలది యేండ్లలో మొక్కయే మాసిపోవుట రెండవది. తరచుగా జరుగునది రెండవదే. దానిని ఆపుట గుట్టప్రక్క గ్రామములవారి చేతిలో ఉన్నది. అందుకు మొక్కను గూర్చి తెలిసికొన్నంత మాత్రమున చాలదు. దానికి నీడపట్టు ముండ్లపొదను గూర్చియు తెలిసికొనవలెను. ఆ పొద పోయినచోట ఈ మొక్క నిలువదు. ఈ సంగతినే ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

కుందేటికొమ్ములు ఆకులు లేని మొక్క. సరిగా చెప్పవలెనన్న, లేత కొనలయందు మిక్కిలి చిన్న ఆకులు పుట్టి వెంటనే రాలిపోవును. చూపునకు కనబడునది కాడ మాత్రమే. కాడ నాలుగు పలకలుగా ఉండును. పలకల అంచుల వెంబడి చిన్న మొటిమలు వరుసగా ఉండును. అవి ఆ రాలిపోయిన ఆకుల స్థానములు. కాడ మొదట చిటికెనవ్రేలి లావున ఉండి, పైకి పోనుపోను సన్నగిలి, కొనయందు చీపురుపుల్ల వలె అగును. ఎత్తు జానెడు మొదలు మూరెడు వరకు. మంచి పొద దొరికినచోట అంతకు మించియు పెరుగును. రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ. ఎండ సూటిగా తగిలిన ప్రక్క ఎఱ్ఱబారును. నేలకు ఆనిన కాడ అక్కడక్కడ వేళ్ళు దించి క్రొత్త కాడలను లేపును. కావున పొదక్రింద పది పదునైదు మొక్కలుగా కనబడునది వాస్తవముగా ఒకే మొక్క కావచ్చును. కోత కోయునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

కాడను త్రుంచినచో నీటివంటి రసము వచ్చును; పాలు కారవు. ఈ గుర్తు మిక్కిలి ముఖ్యము. ఏలన, అవే గుట్టలమీద పలకల కాడలుగల బొమ్మజెముడు కూడ పెరుగును. దాని పాలు ఒంటికి తగిలిన పొక్కును, కంటబడిన కంటికే ప్రమాదము. మొక్కను ఎరుగనివారు పాలుగారు కాడను ఎన్నడును నోట పెట్టరాదు. విచిత్రమేమనగా, పాలు లేని ఈ కుందేటికొమ్ములు బొమ్మజెముడునకు చుట్టము కాదు. పాలుగల జిల్లేడునకు చుట్టము. సుగంధిపాల, పొడపత్రి, దుష్టపుతీగ మొదలగునవియు ఆ కుటుంబములోనివే. ఈ చుట్టరికము కాడను చూచిన తెలియదు. పువ్వును, కాయను చూచిన తెలియును.

పువ్వులు సన్నని కొనలయందు పూయును. చిన్నవి, ముదురు ఊదారంగు, రేకులు ఐదు. కొన్ని రకములయందు రేకుల అంచున సన్నని నూగు ఉండి, చిరుగాలికే కదలును. వాసన మంచిది కాదు. తేనెటీగలను పిలుచు పువ్వు కాదిది, ఈగలను పిలుచు పువ్వు. ఇతర మొక్కలలో పుప్పొడి పొడిగా రాలును. ఈ కుటుంబములో అట్లు రాలక, మైనపు ముద్దలవలె జంటజంటలుగా ఒక చిన్న పట్టుకారుకు అంటియుండును. ఈగ పువ్వులో తిరుగుచుండగా పట్టుకారు దాని కాలినో మూతినో పట్టుకొనును. ఈగ ఆ ముద్దలను మోసికొనిపోయి వేరొక పువ్వులో సరియైన సందున దూర్చినగాని కాయ పట్టదు. అందుచేత ఎన్నో పువ్వులకు కొలది కాయలు మాత్రమే వచ్చును. కాయలు సన్ననివి, జంటగా నిలిచియుండును. ఎండి పగిలినపుడు ప్రతి విత్తునకు తెల్లని పట్టువంటి దూదికుచ్చు ఉండుటచేత గాలిలో తేలిపోవును. జిల్లేడు దూదిని ఊదని పిల్లవాడు మన పల్లెలలో లేడు గనుక ఇంతకంటె వివరింప బనిలేదు.

మన భాషకును ఈ మొక్కకును గల సంబంధము సామాన్యమైనది కాదు. తూర్పు ఇండియా కంపెనీవారి వైద్యుడును వృక్షశాస్త్రజ్ఞుడునగు విలియం రాక్స్‌బర్గు 1780ల యందు సామర్లకోటలో ఉండి, కోరమండలతీరపు మొక్కలను పోగుచేసి, దేశీయ చిత్రకారులచేత పటములు వ్రాయించెను. ఆ పటముల గ్రంథము 1795 మొదలుకొని లండనులో వెలువడెను. అందు ఈ మొక్కను వర్ణించి, తెలుగువారు దీనిని కారల్లము అందురని పేరు వ్రాసెను. 1810లో రాబర్టు బ్రౌను అను శాస్త్రజ్ఞుడు ఈ మొక్కను, దీనివంటి వాటిని కలిపి ప్రత్యేకజాతిగా నేర్పరచి, దానికి కారల్లుమా అని పేరు పెట్టెను. అది మొదలు ఆఫ్రికాలో పెరిగినను, అరేబియాలో పెరిగినను, ఈ జాతి మొక్కలన్నియు ఆ పేరుననే పిలువబడుచున్నవి. మన కుందేటికొమ్ములకు శాస్త్రనామము కారల్లుమా అడ్సెండెన్స్. ఇది అరబ్బీ మాటనుండి వచ్చినదని చెప్పువారు కొందరు కలరు. కాని బ్రౌను పేరు పెట్టుటకు ముందే రాక్స్‌బర్గు గ్రంథములో తెలుగు పేరు అచ్చుపడియుండుటచేత ఆ వాదము మాకు నిలుచునట్లు తోచదు. కారుచిచ్చు అనునపుడు కారు అనగా అడవి. ఆ తీరున కారల్లమనగా అడవి అల్లమని మన చెవికి వినబడును. మద్రాసు ప్రభుత్వ మ్యూజియమువారి పక్షమున గ్రేవ్లీ, మయూరనాథన్ అనువారు 1931లో హిందూదేశపు కారల్లుమాలను గూర్చి ఒక సంచిక వెలువరించిరి. నేటికిని శాస్త్రజ్ఞులు దానిని చూచుచుందురు. తమిళులు ఈ మొక్కలను కళ్ళిములైయాన్ అందురు.

ఇక నీటి సంగతి. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. అదియు వానకారు కొలది దినములలోనే. మిగిలిన కాలమంతయు గుట్టమీద మొక్క దాచుకొన్న నీటితోనే బ్రతుకవలెను. ఆకు నీటిని ఆవిరిగా పోగొట్టునది గనుక కుందేటికొమ్ములు ఆకునే విడిచిపెట్టినది. ఆకు చేయవలసిన పనిని పచ్చని కాడ చేయును. కాడలోపల మెత్తని కండ నీటితో నిండియుండును. పైన మైనపుపొర కప్పియుండును. వాన పడినపుడు కాడ ఉబ్బి పలకలు గుండ్రబడును. ఎండకాలమున పలకల నడుమ లోతుబడి కాడ నొక్కుకొనిపోవును. ఎండినదనుకొని పెరికివేయుట పొరపాటు. ఒక మంచి వానకు మరల నిండును.

దీనికంటె గొప్ప ఉపాయము వేరొకటి కలదు. మొక్కలకు గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆహారము. దానిని తీసికొనుటకు సూక్ష్మరంధ్రములు తెరవవలెను. తెరచిన యెడల లోపలి నీరు ఆవిరియై పోవును. వరి, వేరుసెనగ మొదలగు పైరులు పగలు తెరచును. అందుచేతనే వాటికి నీరు అంత కావలెను. కుందేటికొమ్ములవంటి రసకాండములు పగలు తలుపులు మూసికొని, చల్లని రాత్రివేళ తెరచి, తీసికొన్న వాయువును పులుపు రూపమున కాడలో నిలువచేసి, మరునాడు వెలుతురు రాగానే తలుపులు మూసియే దానిని ఆహారముగా మార్చుకొనును. ఈ సంగతి మన పెరటిలోని రణపాల ఆకుతో ఎవరైనను పరీక్షింపవచ్చును. తెల్లవారుజామున కొరికిన పుల్లగా ఉండును. మధ్యాహ్నమునకు పులుపు పోవును. సాయంకాలమునకు కొంచెము చేదగును. రాక్స్‌బర్గు తరువాత సామర్లకోట తోటను చూచిన బెంజమిన్ హేను అను జర్మను వైద్యుడు దీనిని నాలుకతోనే కనిపెట్టి లండనులోని పండితులకు జాబు వ్రాయగా, అది 1815లో అచ్చుపడెను. తరువాత నూరేండ్లకు పైగా జరిగిన పరిశోధనకు అదియొక మొదలు. రసాయనశాల లేక, ఒక ఆకును మూడు పూటల నమిలి చూచిన మాత్రమున తెలిసిన సత్యమిది.

ఇంత నేర్పుగల మొక్కకు పొద నీడ యేల కావలెనని అడుగవచ్చును. పెరిగిన కాడకు నీడ అంతగా అక్కరలేకపోవచ్చును. విత్తునకు, లేత మొలకకు కావలెను. వేసవిలో గుట్టమీద గాలి వేడిమి 40 డిగ్రీలు దాటునపుడు, కప్పులేని నేలయు బండయు అంతకన్న ఎన్నో డిగ్రీలు కాగియుండును. వానకారున మొలచి, వ్రేలెడైనను ఎదుగని మొలక ఆ వేడిమికి మాడిపోవును. కలివి, బలుసు, బందారు, బొమ్మజెముడు మొదలగు పొదలక్రింద నేల చల్లగా ఉండును. రాలిన ఆకు కుళ్ళి, బండసందులలో పిడికెడు మెత్తని మన్ను చేరును. గాలిలో తేలివచ్చు విత్తు యొక్క దూదికుచ్చు ముండ్లకు తగులుకొని అచ్చటనే దిగును. పశువుల గిట్టలు ముండ్ల నడుమకు రావు. ఈ నాలుగును ఒకచోట కూడినగాని మొలక మొక్క కాదు. అందుచేత గుట్టంతయు వెదకినను కుందేటికొమ్ములు బయట కనబడుట అరుదు. ముండ్లలో చేయి గీరుకొనువానికే దొరకును.

గుట్టలమీద పెరుగు నాగజెముడును కూడ దీనితో చేర్చి, జెముడులన్నియు ఒకటే, అన్నియు పనికిమాలిన ముండ్లే అనుట మన పల్లెలలో కలదు. నాగజెముడు అమెరికా నుండి వచ్చిన పరదేశి. ఒకప్పుడు మన దక్షిణదేశమున పొలములను బీళ్ళను ఆక్రమించి రైతులను బాధించెను. 1926లో సింహళము నుండి తెప్పించిన ఒక జాతి కొచినీలు పురుగు దానిని తిని అణచెను. కుందేటికొమ్ములు, బొమ్మజెముడు మన నేలలో పుట్టినవే. అవి పొలములోనికి రావు, పైరును పట్టవు. పరదేశి చేసిన అపకారమునకు ఇంటివానిని శిక్షించుట తగదు.

ఈ జాతికి మిక్కిలి దగ్గరి చుట్టమొకటి మహారాష్ట్రమున కలదు. దానిపేరు ఫ్రీరియా ఇండికా. 1864లో డాల్జెల్ అనువాడు దానిని వర్ణించి, అప్పటి బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రీరు పేరు పెట్టెను. రసముగల కాడయే అయినను వానకారున దీనికి ఆకులు వచ్చి, ఎండకు రాలిపోవును. ఆకులు వరివలె పగలు గాలిని తీసికొనుననియు, కాడ రాత్రివేళ తీసికొనుననియు 1977లో జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒకే మొక్కలో రెండు సంసారములన్నమాట. ప్రపంచమున మిక్కిలి అరుదైన మొక్కలలో నొకటిగా దీనిని లెక్కింతురు. శివనేరి, పురందరము, సజ్జన్‌గఢ్ మొదలగు కొండకోటల రాతిగోడల వంటి చరియలమీద మాత్రమే మిగిలియున్నది. అచ్చటనే యేల మిగిలెననగా, మేకయు మనుష్యుడును అందుకొనలేని చోటులు అవియే గనుక. మన కుందేటికొమ్ములు అంత అరుదైనవి కావు. దక్షిణాపథమంతట అక్కడక్కడ ఉన్నవి. కాని వీటికి కోటగోడలవంటి చరియలు లేవు. వీటికున్న కోట ముండ్లపొద మాత్రమే.

తినుట విషయము. పచ్చికాడను పై మొటిమలు గీకి ఉప్పుతో నమలుదురు. మొదట ఉప్పగను, పుల్లగను, తరువాత చేదుగను ఉండును. ముక్కలుగా కోసి ఉడికించి, ఆ నీరు వంచి, చింతపండుతో పులుసు చేయుదురు. ఎండుమిరపకాయలతో నూరి పచ్చడి చేయుదురు. ఊరగాయ పెట్టువారును కలరు. కరవుకాలములో గుట్టనుండి తెచ్చి తిన్న కూరలలో ఇది యొకటి. వేటకు పోవువారును పశువుల కాపరులును ఆకలి దప్పులు తెలియకుండుటకై దీనిని నమలుచుండుట పూర్వమునుండి ఉన్నది. ఈ చివరి సంగతియే నేటి వర్తకమునకు మూలమైనది.

పట్టణములలోను విదేశములలోను అన్నము ఎక్కువై లావెక్కినవారు ఆకలి తగ్గించు మందులను వెదకుచున్నారు. ఈ మొక్క సారమును మాత్రలుగా కట్టి ఆకలిని తగ్గించునని అమ్ముచున్నారు. ఆకలికి ఓర్చుకొనుటకు పేదవాడు తిన్నది, ఆకలి చాలని వానికి అమ్ముడుపోవుట కాలమహిమ. సారము పనిచేయునా యన్నచో, బెంగుళూరులో జరిగిన ఒక పరీక్ష ఫలితము 2007లో ప్రకటింపబడెను. దినమునకు ఒక గ్రాము చొప్పున 60 దినములు ఇచ్చి, ఉత్తమాత్రలు తిన్నవారితో పోల్చి చూచిరి. ఆకలియు నడుము చుట్టుకొలతయు తగ్గెను. శరీరపు బరువులో మాత్రము ఇరువురకును నిశ్చయముగా చెప్పదగిన భేదము కానరాలేదు. 2003లో మధుమేహముగల ఎలుకలకు ఇచ్చి చూడగా రక్తములోని చక్కెర తగ్గినదని మరియొక ప్రకటన కలదు. ఎలుకకు తగ్గినంత మాత్రమున మనుష్యునకు తగ్గునని చెప్పరాదు. మధుమేహముగల సభ్యులు వైద్యుడిచ్చిన మందు మాని ఈ కాడలను నమ్ముకొనుట ప్రమాదకరము. కూరగా తినుట వేరు, మందుగా తినుట వేరు.

వర్తకమునకు కావలసిన కాడలలో చాలభాగము అడవినుండియే వచ్చుచున్నది. ఇచ్చట కొంచెము లెక్క వేయవలెను. పచ్చికాడలో నూటికి సుమారు తొంబదిపాళ్ళు నీరే. అనగా ఒక కిలో ఎండుకాడకు పది కిలోల పచ్చికాడ కావలెను. దానినుండి తీయు సారము అంతకంటె కొంచెము. ఒక చిన్న కాడ బరువు ఎంతయుండునో చేతబట్టి చూచినవారికి తెలియును. ఒక బస్తా నింపవలెనన్న ఎన్ని పొదలు వెదకవలెనో ఊహించుకొనవచ్చును. కొనువాడు పచ్చిబరువుకు వెల కట్టును. కోయువాడు ఆనాటి కూలి గిట్టవలెనని వేరుతోకూడ లాగును, చేయి పట్టుటకు అడ్డమైన పొదను కొడవలితో నరుకును. వేరు పోయినందున ఆ మొక్క పోయినది; పొద పోయినందున రాబోవు మొక్కయు పోయినది. రెండవ నష్టము బరువుగా తూగదు గనుక ఎవరి లెక్కలోనికిని రాదు. కూలివాని తప్పు ఇందులేదని మా అభిప్రాయము. కోతకొక నియమము లేనిచోట ముందు వచ్చినవాడు అంతయు తీసికొనిపోవును. తాను విడిచిపెట్టినది రేపు వేరొకడు కోయునని ప్రతివానికి తెలియును.

కోత ఒక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. రాతి క్వారీలకై కొన్ని గుట్టలు గుట్టలుగానే మాయమైపోవుచున్నవి. వేసవిలో క్రొత్తగడ్డి లేచునని బోదకు నిప్పు పెట్టుట కలదు. ఆ మంట బందారును మరల చిగుర్పనిచ్చును గాని నీటికాడను ఉడికించి చంపును. బంజరు బాగుచేయుట పేర యంత్రములతో గుట్టవాలును కాలువలుగా త్రవ్వి, పొదలను పెరికి, ఒకే జాతి చెట్లను వరుసగా నాటుటయు జరిగినది. వాననీటిని నిలుపు పని మంచిదే. కాని పొదలను విడిచి వాటి నడుమ త్రవ్వుటకు అడ్డమేమియు లేదు. పొదయే వాలుమీద మంటిని పట్టియుంచునది. దానిని పెరికి, మన్ను నిలుచుటకై కాలువ త్రవ్వుట విపరీతపు పని.

ఇట్టిచోట సహకార సంఘము చేయగల పని కలదు. కాడలను కొనువాడు ఒక్కొక్క కూలితో బేరమాడునంతకాలము వెల అతడు చెప్పినదే. గుట్టచుట్టునున్న గ్రామముల సభ్యులు కూడి, సంఘము మూలముగానే అమ్ముదుమని నిశ్చయించినచో, వెలయు కోతనియమమును ఒకేసారి నిలుపవచ్చును. నియమము పెద్దది కానక్కరలేదు. వేరు లాగరాదు, నేలకు నాలుగువ్రేళ్ళ ఎత్తున పదునైన కత్తితో కోయవలెను. ఒక గుంపులో మూడవవంతుకు మించి కోయరాదు. పువ్వు పూసినది మొదలు కాయ పగిలి విత్తు ఎగిరిపోవువరకు కోత నిలిపివేయవలెను. ఒక యేడు కోసిన వాలును మరి రెండేండ్లు ముట్టరాదు. వేరుతో వచ్చిన కాడను సంఘము కొనదను మాట తెలిసినచో వేరు లాగువాడు తనంత తానే మానును. తూకమువద్ద ఒక బుద్ధిమంతుడు నిలిచి కాడల మొదళ్ళను చూచిన చాలును.

చట్టమును గూర్చియు రెండు మాటలు. గుట్ట రిజర్వు అడవియైన యెడల అటవీశాఖవారి అనుమతి లేక వర్తకమునకై కోయరాదు. 2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానికసంస్థలకు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండవలెను; ఊరిలోని మొక్కలను, వాటి వాడుకలను గూర్చి పెద్దలకు తెలిసినది ఒక పట్టికలో వ్రాయవలెను. పలుచోట్ల ఆ కమిటీ కాగితముమీద మాత్రమే ఉన్నది. మీ పంచాయతీలో పట్టిక కలదా, అందు కుందేటికొమ్ముల పేరు చేరినదా అని సభ్యులు అడిగి తెలిసికొనవలెను. పేరు వ్రాయించుటకు ఖర్చు లేదు. ఏ గుట్ట ఏ వాలున ఎన్ని పొదలక్రింద ఉన్నదో ఆ యేడు లెక్కించి వ్రాసియుంచినచో, మూడేండ్లకు మరల లెక్కించి తగ్గినదో పెరిగినదో చూచుకొనవచ్చును. లెక్క లేనిదే కోతకు హద్దు ఎట్లు పెట్టగలము?

పొలములో పెంచవచ్చునా యని కొందరు అడుగుదురు. పెంచవచ్చును, కాని ఎకరములకొలది నాటుమని మేము చెప్పము. కలబంద మొదలగు మందుమొక్కల పేర నాట్లు అధికవెలకు అమ్మి, పంటను తిరిగి కొందుమని మాట యిచ్చి కనబడకుండ పోయినవారి కథలు మన రైతులకు క్రొత్త కావు. కొనువాని వ్రాత చేతిలో లేక పైరునేలను దీనికి ఇయ్యరాదు. ఇది మెల్లగా పెరుగునది. మంచి నేలను అడుగనిది. దీనికి తగినచోటు గట్లును, పొలమునుండి ఏరి పోసిన రాళ్ళకుప్పలును, వాటిమీద తామై మొలచిన కలివి, బలుసు పొదల అడుగును. ఆ చోట మనము వేరేమియు పండించుట లేదు.

నాటు విధానము సులభము. ముదిరిన ఆరోగ్యమైన కాడను జానెడు పొడవున కోసి, నీడయందు వారము దినములు ఆరబెట్టవలెను. కోసినచోటు గట్టిపడి పొరకట్టినగాని నాటరాదు. పచ్చిగాయముతో నాటినది కుళ్ళును. ఈ మొక్కకు కరవుకంటె నిలువనీరు పెద్దశత్రువు. పొదకు తూర్పుననో ఉత్తరముననో, మధ్యాహ్నపు ఎండ సూటిగా తగులనిచోట, గులకరాయి, ఇసుక కలిసిన మన్నులో రెండు వ్రేళ్ళ లోతున నిలుపవలెను. వాలిపోయిన ఒక రాతిని ఆనించవలెను. ఎరువు అక్కరలేదు. మొదటి నెలలో వాన లేనిచో పదిదినములకొకమారు చెంబెడు నీరు పోసిన చాలును. వేళ్ళకు తెల్లని పిండిపురుగు పట్టినచో కాడ వాడును. అట్టిదానిని పెరికి, వేరు కోసివేసి, మంచి కాడను మరల ఆరబెట్టి వేరొకచోట నాటవలెను. జిల్లేడుమీద తిరుగు చారల గొంగళి దీనినికూడ తినును. చేతితో ఏరివేసిన చాలును, మందు చల్లరాదు. ఏలన, కాయ పట్టించునవి ఈగలే, వాటినికూడ ఆ మందు చంపును.

తొలకరి వానలు ఒకటి రెండు పడి, నేల లోపలి వేడి తగ్గిన పిమ్మట నాటుట మంచిది. నాట్లకై కాడలను ఒకే గుంపునుండి గాక, దూరదూరముగానున్న నాలుగైదు పొదల నుండి ఒక్కొక్కటి చొప్పున తీసికొని, ప్రక్కప్రక్కన నాటవలెను. ఒకే మొక్క కాడలైన యెడల ఈగ ఎంత తిరిగినను కాయ సరిగా పట్టకపోవచ్చును. వేర్వేరు మొక్కలైన యెడల కాయ పట్టి, మూడవ నాలుగవ యేట ఆ గట్టునుండి దూది ఎగిరి చుట్టుపొదలకు చేరును.